మొదటి లైట్‌సేబర్: ఏ బ్లేడు, ఏ ఐరన్, ఎన్ని అతుకులు?

స్టార్ వార్స్ సినిమాల్లోని వెలిగే కత్తి, లైట్‌సేబర్, సొంతంగా చేసుకుందామని దిగేవాళ్లు చాలామంది ముందు అడిగేది ఏ సౌండ్ బోర్డు కొనాలని. నన్నడిగితే, దానికంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: మీ చేత్తో ఎన్ని అతుకులు నమ్మకంగా పెట్టగలరు? ఇంతవరకూ సోల్డరింగ్ ఐరన్ (సోల్డర్ అనే లోహాన్ని కరిగించి వైర్లు అతికే వేడి పరికరం) పట్టుకోని చెయ్యి మొదటి పది అతుకుల్లో రెండు మూడైనా చెడగొడుతుంది. అందులో తప్పేమీ లేదు. ఆ చెడిపోయేవి ఎక్కడ పడాలో ఎంచుకునే వీలు మాత్రం మనకుంది. పారేసే వైరు ముక్క మీద పడితే ఏమీ పోదు, బియ్యపు గింజంత ప్యాడ్లున్న (వైరు అతికే రాగి మచ్చలు) బోర్డు మీద పడితే బోర్డే పోతుంది. కింద అన్నిటినీ ఆ లెక్కతోనే పోల్చాను.

ఒకే రంగు ఎల్ఈడీ, ఒక రెసిస్టర్, ఒక స్విచ్, వైర్లతో సహా వచ్చే బ్యాటరీ హోల్డర్. శబ్దం లేని ఈ సాదా సేబర్‌కి ఆరేడు అతుకులు చాలు. మూడు రంగుల ఎల్ఈడీ, సౌండ్ బోర్డు, స్పీకర్ పెడితే వైర్ల రెండు చివర్లూ కలిపి ఇరవై దాటుతాయి. పిక్సెల్ బ్లేడయితే, అంటే ట్యూబు పొడవునా చిన్న ఎల్ఈడీలు పరిచినదైతే, పిడి లోపలివీ బ్లేడు లోపలివీ కలిసి ముప్పై దగ్గరికి వెళ్తాయి, వాటిలో సగం చాలా సన్నవి.

వెలుగు పిడిలో ఉండాలా, బ్లేడంతా ఉండాలా

మొదటి పద్ధతిలో వెలుగంతా పిడి లోపలే పుడుతుంది. అల్యూమినియం బిళ్ల మీద కూర్చోబెట్టిన హై పవర్ ఎల్ఈడీ, దాని ముందు లెన్స్, ఆపైన బోలు పాలికార్బొనేట్ ట్యూబు. ట్యూబులో వెలుగును పరిచే పల్చటి ఫిల్మ్ చుట్ట తప్ప ఇంకేమీ ఉండదు. రెండో పద్ధతిలో డబ్ల్యూఎస్2812బీ రకం ఎల్ఈడీ స్ట్రిప్పులు రెండు వీపు వీపు ఆనించుకుని ట్యూబు పొడవునా నిలబడతాయి. ప్రతి ఎల్ఈడీలోనూ చిన్న చిప్ ఉంటుంది కాబట్టి దేనికది విడిగా ఆజ్ఞ అందుకుంటుంది. పిడి దగ్గర మొదలై కొస దాకా వెలుగు పాకుతూ వెళ్లేది అందుకే.

చూడ్డానికి పిక్సెల్‌దే పైచేయి, దాని మీద వాదన అనవసరం. పిడిలో ఎల్ఈడీ పెట్టిన బ్లేడు మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారే వెలుగుతుంది, కొస దగ్గర కాస్త పల్చబడుతుంది. అయితే దానితో స్నేహితుడి బ్లేడు మీద కొట్టి ఆడుకోవచ్చు. లోపల విరిగేది ఏమీ లేదు. ట్యూబు పగిలినా ఇంకో ట్యూబు కోసి దోపితే పని అయిపోతుంది. పిక్సెల్ బ్లేడులో ప్రతి దెబ్బా లోపలి స్ట్రిప్పుకీ తగులుతుంది. స్ట్రిప్ మొదట్లో వైర్లు అతికిన చోట రాగి పొర కాగితంలా పల్చగా ఉంటుంది. మొదటిసారి చేసిన అతుకు అక్కడే వదిలేస్తుంది, విప్పి మళ్లీ చేయడమంటే బ్లేడంతా బయటికి లాగాల్సిందే.

ఇంకో తేడా కరెంటుది, కొత్తవాళ్లు దీన్ని తక్కువ అంచనా వేస్తారు. స్ట్రిప్పులో మీటరుకి 144 ఎల్ఈడీలుంటాయి. బ్లేడు పొడవుకి రెండు వైపులా కలిపి 240 వరకూ పడతాయి. ఒక్కో ఎల్ఈడీలో ఒక్కో రంగుకి 20 మిల్లీ ఆంపియర్ల చొప్పున వేసుకుంటే, నీలం ఒక్కటే పూర్తిగా వెలిగినప్పుడు 4.8 ఆంపియర్లు, మూడు రంగులూ కలిసి తెలుపయితే 14 ఆంపియర్ల పైమాట. నిజంగా బ్యాటరీ మీద అంత లాగకపోయినా వైరు, అతుకు, కనెక్టర్, సెల్ అన్నీ ఆ స్థాయి తట్టుకునేవై ఉండాలి. పిడిలో ఒకే ఎల్ఈడీ అయితే అర ఆంపియరు నుంచి ఒక ఆంపియరులోపు సరిపెట్టేయొచ్చు. ఇందులో అతుకు కాస్త బలహీనంగా ఉన్నా వెలుగు తగ్గుతుందంతే. పిక్సెల్ బ్లేడులో బలహీనమైన అతుకు వేడెక్కుతుంది.

పిక్సెల్ స్ట్రిప్పును 5 వోల్టులదని అమ్ముతారు, సేబర్‌లో మాత్రం ఒకే లిథియం సెల్‌కి తగిలిస్తాం. చాలామందికి ఇక్కడ అనుమానం వస్తుంది. నిజానికి అలా తగిలించడమే మేలు. ఆ చిప్ తనకొచ్చే సప్లై వోల్టేజీలో 0.7 వంతు పైన ఉన్న సిగ్నల్నే నిక్కచ్చిగా గుర్తిస్తుంది. సప్లై 5 వోల్టులైతే సిగ్నల్ 3.5 ఉండాలి, చాలా బోర్డులు ఇచ్చేది 3.3 మాత్రమే. నిండా చార్జ్ చేసిన సెల్ 4.2 వోల్టులు ఇస్తుంది, దానికి 2.94 చాలు. అందుకే మధ్యలో ఇంకే మార్పిడి సర్క్యూటూ లేకుండా పని జరిగిపోతుంది. ఆ సిగ్నల్ మోసే డేటా వైరు మొదట్లో 330 నుంచి 470 ఓంల రెసిస్టర్ ఒకటి పెట్టడం, స్ట్రిప్ మీద బాణం గుర్తు పిడి నుంచి కొసకి చూసేలా పెట్టడం మరిచిపోకూడదు.

నా మాట: మొదటి సేబర్ పిడిలో ఎల్ఈడీతోనే చేయండి. లేదు, పిక్సెల్ లేకపోతే అసలు మొదలుపెట్టాలనే అనిపించట్లేదు అంటే దానికీ దారి ఉంది. బ్లేడు తయారుగా ఉన్నది కొనుక్కోండి, పిడి వైపు వైరింగ్ మాత్రం మీరు చేయండి. కష్టమైన అతుకుల్లో దాదాపు సగం అక్కడే తప్పుతాయి.

ఎర్ర ఎల్ఈడీకి ఒక రెసిస్టర్, నీలానికి ఒకటి

బోర్డు లేని సాదా సేబర్‌లో రెసిస్టర్ లెక్క మీరే వేసుకోవాలి. సెల్ వోల్టేజీలోంచి ఎల్ఈడీ తీసుకునే వోల్టేజీ తీసేసి, మిగిలినదాన్ని మనకు కావాల్సిన కరెంటుతో భాగించాలి. ఎర్ర ఎల్ఈడీ సుమారు 2.3 వోల్టులు తీసుకుంటుంది. 4.2 లోంచి 2.3 తీసేస్తే 1.9, దాన్ని 0.7 ఆంపియర్లతో భాగిస్తే 2.7 ఓంలు. నీలానికి 3.2 వోల్టులు కావాలి కాబట్టి 1.5 ఓంలు సరిపోతుంది. మీరు కొన్న ఎల్ఈడీ డేటాషీట్ చూసి ఆ అంకెలు మార్చుకోండి.

ఓంలు సరిగ్గా పెట్టి వాట్లు మరిచిపోవడం నేను చేసిన తప్పు. ఎర్రదాని రెసిస్టర్‌లో 1.3 వాట్ల వేడి పుడుతుంది. నేను డబ్బాలో ఉన్న పావు వాట్ రెసిస్టర్ పెట్టాను. స్విచ్ వేసిన కాసేపటికే దాని రంగు గీతలు నల్లబడి, వార్నిష్ మాడిన వాసన వచ్చింది. 2 లేదా 3 వాట్లది పెట్టాల్సింది.

రంగు ఎంచుకునేటప్పుడు ఇది కూడా చూసుకోండి. సెల్ 3.7 వోల్టులకి దిగేసరికి నీలానికి మిగిలేది అర వోల్టే, కరెంటు సగానికి పడిపోతుంది, వెలుగు కళ్లకి తెలిసేలా మసకబారుతుంది. ఎరుపు అంతగా తగ్గదు. కరెంటును స్థిరంగా ఉంచే డ్రైవర్ బోర్డు లేకుండా చేసే మొదటి సేబర్‌కి ఎరుపే నమ్మకమైనది.

బిళ్ల మీద సోల్డర్ అంటకపోతే

మొదటిసారి చేసేవాళ్లు నిజంగా ఇరుక్కునే చోటు ఇది. ఎల్ఈడీ కింద ఉన్న అల్యూమినియం బిళ్ల పని వేడిని లాగేసుకోవడం. మీరు ఐరన్ పెట్టినప్పుడు కూడా అది అదే పని చేస్తుంది. ప్యాడ్ మీద సోల్డర్ పెడితే ముద్దలా కూర్చుంటుంది, పరుచుకోదు. చల్లారాక గోటితో తోస్తే ఊడొస్తుంది.

ఇలా చేయండి. బిళ్లని చెక్క ముక్క మీదో, మందపాటి అట్ట మీదో పెట్టండి, లోహం మీద వద్దు. ప్యాడ్ మీద ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోడానికి రాసే పేస్టు) కొంచెం రాయండి. బిట్ (ఐరన్ వేడెక్కే కొస) మొన కాకుండా దాని చదునైన పక్కను ప్యాడ్‌కి పూర్తిగా ఆనించి, ఆ సందులోకి సోల్డర్ వైరు అందించండి. మొదట రెండు మూడు సెకన్లు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా ముద్ద కరిగి, నూనె పొరలా ప్యాడ్ అంచుల దాకా పాకి మెరుస్తుంది. ఆ మెరుపు కనిపించేదాకా తీయకండి, కనిపించాక ఆలస్యం చేయకండి. వైరు కొసకి కూడా విడిగా సోల్డర్ పట్టించి ఉంచుకుని, చివరికి వైరును ప్యాడ్ మీద నొక్కి బిట్ ఆనిస్తే రెండు సోల్డర్లూ ఒకదాన్లో ఒకటి కరిగిపోతాయి. ఐరన్ తీశాక సోల్డర్ గట్టిపడేదాకా వైరు కదపకూడదు. కదిలిందంటే పైన బూడిద రంగు తిరుగుతుంది. అదే డ్రై సోల్డర్. లోపల పట్టు ఉండదు, సేబర్ ఊపినప్పుడల్లా ఆరి వెలుగుతుంది.

ఐరన్: డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

నేరుగా గోడ ప్లగ్గులో పెట్టే 25 వాట్ల ఐరన్‌తో ఇదంతా చేయలేమా అంటే, చేయొచ్చు, ఓపిక ఉంటే. దానికి ఉష్ణోగ్రత అదుపు లేదు. ఖాళీగా ఉన్నప్పుడు అవసరానికి మించి వేడెక్కి బిట్ నల్లబడుతుంది, బిళ్లకి ఆనించగానే చల్లారిపోతుంది. అంటే బోర్డు ప్యాడ్లకి మరీ వేడి, ఎల్ఈడీ బిళ్లకి మరీ చలవ. నా మొదటి సౌండ్ బోర్డు మీద ఒక ప్యాడ్ అలాగే లేచిపోయింది. అంటట్లేదని అలాగే నొక్కి ఉంచాను, తీసేసరికి రాగి రేకు వైరుతో పాటే వచ్చేసింది.

60 వాట్ల దగ్గర, ఉష్ణోగ్రత పెట్టుకునే వీలున్న స్టేషన్ అయితే ఈ రెండు ఇబ్బందులూ ఉండవు. యూఎస్‌బీ-సీ చార్జర్‌తో నడిచే చిన్న ఐరన్లు కూడా ఇప్పుడు బాగుంటున్నాయి, అయితే అంత వాట్లు ఇచ్చే పీడీ (పవర్ డెలివరీ) చార్జర్ ఉండాలి. మామూలు ఫోన్ చార్జర్ పెడితే అదీ 25 వాట్ల ఐరన్ కంటే హీనంగా ఉంటుంది. స్థలం తక్కువుంటే ఇది, టేబుల్ మీద అలాగే ఉంచుకోగలిగితే స్టేషన్. రెంటికీ బిట్ మాత్రం 2 మిల్లీమీటర్ల దగ్గర ఉలి ఆకారంలోది తీసుకోండి. సూదిలాంటి బిట్ సన్న పనికి బాగుంటుందనిపిస్తుంది కానీ ఆనే చోటు తక్కువ, వేడి దిగదు.

సౌండ్ బోర్డు, ఐరన్ రెండిట్లో ఒకదాని మీదే ఖర్చు పెట్టగలిగితే ఐరన్ మీద పెట్టండి. బోర్డు తర్వాతైనా వస్తుంది.

సోల్డర్ వైరులో 63/37 రకం (63 వంతులు తగరం, 37 వంతులు సీసం) కొత్త చేతికి అన్నిటికంటే తేలిక. సరిగ్గా 183 డిగ్రీల దగ్గర ఘనం నుంచి ద్రవానికి నేరుగా మారుతుంది. 60/40 అయితే 183 నుంచి 190 వరకూ మెత్తటి దశ ఒకటి ఉంటుంది, అప్పుడు చెయ్యి కదిలితే అతుకు చెడుతుంది. మామూలుగా దొరికే సీసం లేని సోల్డర్ 217 డిగ్రీలు దాటాకే కరుగుతుంది. పైగా మంచి అతుకు కూడా కొంచెం మసగ్గానే ఆరుతుంది కాబట్టి, డ్రై సోల్డర్‌ని చూపుతో పట్టుకోవడం కొత్తవాళ్లకి కష్టం. పిల్లలు కూడా కూర్చుని చేస్తుంటే మాత్రం ఆ కష్టం భరించి సీసం లేనిదే వాడండి. పెద్దవాళ్లు సీసమున్నది వాడితే, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునేదాకా ఏమీ తినకూడదు. పొగ సీసానిది కాదు, ఫ్లక్స్‌లోని రోజిన్ అనే చెట్టు బంకది. అయినా ఊపిరితిత్తులకి అది మంచిది కాదు, చిన్న ఫ్యాన్ పెట్టి పక్కకి పోనివ్వండి. మందం 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు. పైపులు అతికే ఆసిడ్ ఫ్లక్స్ జోలికి అసలు వెళ్లొద్దు, రాగిని నెమ్మదిగా తినేస్తుంది.

వైరు, స్లీవ్

సిలికాన్ తొడుగున్న మల్టీ స్ట్రాండ్ వైరు తీసుకోండి. పీవీసీ తొడుగు ఐరన్ వేడికి వెనక్కి ముడుచుకుపోయి రాగి బయటపడుతుంది, లోహపు పిడిలో అదే షార్ట్‌కి మొదటి కారణం. గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుందని గుర్తుంచుకోండి. బ్యాటరీ, ఎల్ఈడీ దారులకి 22 గేజ్, స్విచ్, డేటా దారులకి 28 లేదా 30. అన్నిటికీ లావు వైరే వాడితే భద్రం అనుకోవద్దు. పిడి లోపల అవి మడతపడవు, మూత బిగించేటప్పుడు బిర్రుగా నెట్టి అతుకుల్ని పీకేస్తాయి.

హీట్ ష్రింక్ స్లీవ్‌ని (అతుకు మీద కప్పి వేడి చేస్తే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) వైర్లు కలపకముందే ఒక వైరు మీదికి ఎక్కించి, అతుక్కి రెండంగుళాలు దూరంగా జరిపి ఉంచాలి. దగ్గరుంటే ఐరన్ వేడికి అక్కడే బిగుసుకుపోతుంది.

కనెక్టర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సోల్డర్ భయంతో అంతా కనెక్టర్లతోనే చేద్దామనుకునేవాళ్లున్నారు. చిన్న జేఎస్టీ కనెక్టర్ స్పీకర్‌కీ స్విచ్‌కీ చక్కగా సరిపోతుంది, విప్పి సరిచేసుకోవడం తేలికవుతుంది. పిక్సెల్ బ్లేడు పవర్ దారిలో మాత్రం వద్దు, ఆ సన్నటి పిన్నులు అన్ని ఆంపియర్లకి చేసినవి కావు.

బోర్డు

రెండు కుటుంబాలు. ప్రాఫీబోర్డు లాంటివి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తాయి. కాన్ఫిగ్ ఫైలు రాసి, కంప్యూటర్లో కంపైల్ చేసి, యూఎస్‌బీతో ఎక్కిస్తారు. ఏ రంగు, ఏ కదలికకి ఏ శబ్దం, దెబ్బ తగిలిన చోట ఎలా మెరవాలి, అంతా మీ చేతిలోనే. రెండో రకంలో సౌండ్ ఫైళ్లు ఎస్డీ కార్డులో వేసి, మిగతావి బటన్ నొక్కుళ్లతో మార్చుకుంటారు. ప్రోగ్రామింగ్ అలవాటున్నవాళ్లకి మొదటిది జీవితాంతం ఆడుకునే బొమ్మ. లేనివాళ్లు సోల్డరింగ్, కోడ్ రెండూ ఒకేసారి నేర్చుకోవద్దు. సేబర్ వెలగకపోతే తప్పు అతుకులో ఉందా ఫైలులో ఉందా తెలియక రాత్రంతా పోతుంది.

ఏ రకమైనా వైర్లు ముందే అతికి వచ్చే బోర్డు దొరికితే అదే తీసుకోండి. స్విచ్ విషయంలో ఒక జాగ్రత్త: బోర్డుకి కావాల్సింది నొక్కి వదిలే మొమెంటరీ స్విచ్. బోర్డు లేని సాదా సేబర్‌కి నొక్కితే నిలిచిపోయే లాచింగ్ స్విచ్. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి.

పిడి గురించి ఎక్కువ చెప్పను. లోపల చోటుండి, ముక్కలుగా విడదీసే వీలున్నది ఏదైనా పనికొస్తుంది. 1977లో మొదటి స్టార్ వార్స్ కోసం వాడిన హీరో ల్యూక్ పిడి కూడా గ్రాఫ్లెక్స్ అనే పాత కెమెరా ఫ్లాష్ హ్యాండిలే. త్రీడీ ప్రింట్ చేస్తే పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి ఎల్ఈడీ బిళ్లకి వేడిని లాగేసుకునే లోహపు ముక్క, హీట్ సింక్, తప్పనిసరి. బ్లేడు ట్యూబు పాలికార్బొనేటే ఉండాలి, యాక్రిలిక్ దెబ్బకి పగిలి పెంకులు ఎగురుతాయి.

సెల్: బయటికి తీసేదా, లోపలే చార్జ్ అయ్యేదా

18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవున్న లిథియం అయాన్ సెల్. లోపల చార్జింగ్ పోర్టు పెట్టి, వాడనప్పుడు దాన్లో చిన్న కిల్ కీ గుచ్చి సర్క్యూట్ తెంచేయడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆ పోర్టు మూడు కాళ్లలో ఏది దేనికో తారుమారైతే సెల్ నేరుగా షార్ట్ అవుతుంది, అదీ మూసిన లోహపు గొట్టంలో. అందుకే మొదటిసారి హోల్డర్‌లో పెట్టి బయటికి తీసే సెల్, దానికి విడిగా చార్జర్. ఈ ఒక్క విషయంలో అభిరుచులకి చోటివ్వను.

ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్న సెల్ తీసుకుంటే షార్ట్ అయినప్పుడు ఆ సర్క్యూట్ కరెంటు ఆపేస్తుంది. ఆ సెల్ 69, 70 మిల్లీమీటర్ల దాకా పొడవుంటుంది, హోల్డర్ కొలిచి కొనండి. పిక్సెల్‌కయితే ఎడతెగకుండా 10 ఆంపియర్లయినా ఇవ్వగలిగిన సెల్ ఉండాలి. సెల్ మీద నేరుగా ఎప్పుడూ సోల్డర్ పెట్టకూడదు, సెల్ లోపలుండగా సర్క్యూట్‌లో ఎక్కడా ఐరన్ ఆనించకూడదు.

స్విచ్ వేసే ముందు

సెల్ లేకుండానే మల్టీమీటర్‌ని (కరెంటు, వోల్టేజీ కొలిచే మీటరు) రెండు చోట్లు కలిసుంటే బీప్ కొట్టే గుర్తు దగ్గర పెట్టండి. సాదా సేబర్‌లో స్విచ్ ఆన్ చేసి, హోల్డర్ ప్లస్ నుంచి మైనస్‌కి చూస్తే బీప్ రాకూడదు, ఎందుకంటే మధ్యలో ఎల్ఈడీ ఉంది. వచ్చిందంటే ఎక్కడో షార్ట్. తర్వాత ప్లస్ నుంచి పిడి లోహానికి, ఎల్ఈడీ ప్యాడ్ల నుంచి అల్యూమినియం బిళ్లకి, వీటిలోనూ బీప్ రాకూడదు. ఒక్కో అతుకునీ వేలితో మెల్లగా లాగి చూడండి. ఊడేది ఇప్పుడే ఊడనివ్వండి.

ఎల్ఈడీ మీద తెల్లకాగితం కప్పి సెల్ పెట్టండి, నేరుగా చూస్తే కళ్లు దెబ్బతింటాయి. ఒక నిమిషం వెలగనిచ్చి, ఆపేసి, సెల్ మీద వేలు పెట్టండి, అది ఏమాత్రం వెచ్చబడినా తీసేసి వైరింగ్ మళ్లీ చూసుకోండి. రెసిస్టర్ దగ్గరికి వేలు తీసుకెళ్లండి, అది కాస్త వేడిగా ఉండటం మామూలే. అన్నీ బాగుంటే పిడి బిగించి, బ్లేడు దోపి, గట్టిగా నాలుగుసార్లు ఊపండి. వెలుగు ఒక్కసారైనా రెప్ప వేసినట్టు ఆరి వచ్చిందంటే ముందు స్విచ్ కాళ్లు చూడండి, తర్వాత హోల్డర్ స్ప్రింగ్. నేను విప్పిన వాటిలో ఎక్కువసార్లు డ్రై సోల్డర్ దొరికింది స్విచ్ కాళ్ల దగ్గరే.